చల్లారాక ఇంకోసారి

అక్క మీద కుంపటికి ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది, ఆమె తప్పు చేయదు. రెండోది, చేసినా ఒప్పుకోదు. చిన్నప్పుడొకసారి అడ్డదారి తెలుసంటూ వాడి చెయ్యి పట్టుకుని బడికి బయలుదేరి, ఊరి అవతల ఇటుక బట్టీల దగ్గర తేలింది. కాళ్ళు బొబ్బలెక్కి ఇల్లు చేరాక అమ్మ నిలదీస్తే, "రోడ్డు అటు వేయాల్సింది, ఇటు వేశారు" అంది. ఆ రోడ్డు వేసినవాళ్ళని ఇప్పటికీ క్షమించలేదు.

కుంపటి అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్. కోడ్‌నేమ్ మనిషిని దాచాలన్నది రూలు. ఇది మాత్రం అతని కోపాన్ని వేలెత్తి చూపిస్తుంది. అతను కారిడార్‌లో నడుస్తుంటే ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళు కాగితాల మీద చేతులు పెట్టుకుంటారు.

అందుకే చీఫ్ ఫైలు మూసి, "మీ అక్క చేత నేరం ఒప్పించాలి. సాయంత్రం లోపల" అన్నప్పుడు కుంపటికి ముందు నవ్వొచ్చింది. వెనకాలే కోపం వచ్చింది. నవ్వు వెళ్ళిపోయింది, కోపం కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎప్పుడు పట్టుకొచ్చారు?"

"పొద్దున. ల్యాబ్ నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అరుస్తావని."

"ఇప్పుడు అరవననుకున్నారా?"

"ఇప్పుడు తలుపులు వేయించాను."

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కుంపటికి అందులో సగం ఇంట్లో భోజనాల దగ్గర విన్నదే. ఏ పదార్థమైనా కాంతిని కొంత వంచుతుంది. వేడెక్కితే ఆ వంపు మారుతుంది. ఎంత వేడికి ఎంత మారుతుందో కొలవడమే అక్క ఉద్యోగం, సరదా, పూజ, పథ్యం. ఎడారి ఎండలో స్పష్టంగా చూసే కెమెరా కన్ను మంచుకొండ మీద మసకబారేది ఈ మార్పు వల్లే. ఏళ్ళ తరబడి గాజులు కరిగించి, కలిపి, కొలిచి, చివరికి అక్క ల్యాబ్‌లో ఒక్క బిళ్ళ తయారైంది. అరచేతిలో పట్టేంత. వేడికీ చలికీ దాని వంపు మారదు. అది అమర్చిన కన్నుకి సరిహద్దులో ఏ ఋతువైనా ఒకటే.

ఆ బిళ్ళ నిన్న ఓవెన్‌లో ఉంది. ఇవాళ లేదు.

"గద్దల పని," అన్నాడు చీఫ్. గద్దలంటే డిపార్ట్‌మెంట్ చాలాకాలంగా వెంటాడుతున్న విదేశీ ముఠా. "వాళ్ళకి లోపలి మనిషి కావాలి. ఓవెన్ తాళంచెవి మీ అక్క దగ్గరుంది. బిళ్ళ లేదు, మనిషి ఉంది. ఇంకేం కావాలి?"

"తాళం ఆ జూనియర్ సైంటిస్ట్ కూడా వాడుతుంది."

"మంచుబొమ్మా?" చీఫ్ ముఖం విచ్చుకుంది. ఆ పేరు చెబితే చాలామంది మగవాళ్ళ ముఖాలు అలాగే విచ్చుకుంటాయి. "ఆమె మన మనిషి. మీ అక్క మీద కన్నేసి ఉంచమని నేనే ఆ ల్యాబ్‌లో పెట్టాను. రిపోర్ట్ ఇచ్చింది కూడా ఆమే. సాయంత్రం ఓడలో ఏదో కాన్ఫరెన్స్‌కి వెళుతోంది. ఆమె జోలికి వెళ్ళకు."

కుంపటి పళ్ళు నూరాడు. మంచుబొమ్మ అతనికి కొత్త కాదు. ఏడాది క్రితం అక్క తెచ్చిన సంబంధం ఆమే. తెల్లచీర, తెల్లకోటు, చెవులకి చిన్న రాళ్ళు, ఎంత ఎండలోనూ చెమట పట్టని నుదురు. వద్దన్నాడు. కారణం అడిగితే, "నవ్వినప్పుడు పళ్ళే కనిపిస్తాయక్కా, నవ్వు కనిపించదు" అన్నాడు. అక్క ఆరు నెలలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, ఆ మాటలకన్నా మౌనమే నయం.

"సాయంత్రం మిలిటరీ కోర్టు వ్యాన్ వస్తుంది," అన్నాడు చీఫ్. "అది ఎక్కినవాళ్ళు మళ్ళీ మామూలు బస్సెక్కిన దాఖలా లేదు. ఒప్పుకుంటే శిక్ష తగ్గేలా చూస్తాను. మీ అక్క కాబట్టి చెబుతున్నా. ఏ పద్ధతైనా వాడు, ఎక్కడికైనా తీసుకెళ్ళు, నాకు ఒప్పుకోలు కావాలి."

"ఎక్కడికైనా?"

"ఎక్కడికైనా."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

చీఫ్ రాసిచ్చాడు. స్టోర్స్‌లో కుంపటి చేతికి ఎప్పటిలాగే ఒక అతికించుకునే మీసం, ఒక పిస్టల్ పెన్ను ఇచ్చారు. పెన్ను రాస్తుందా పేలుతుందా అని అడిగితే, స్టోర్స్‌వాడు రెండూ గ్యారంటీ లేదన్నాడు.

ఇంటరాగేషన్ గదిలో అక్క బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉంది. తలుపు చప్పుడుకి కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరది? ఆ కాళ్ళు నేలకేసి కొట్టడం వింటే నువ్వేలా ఉన్నావు."

"కళ్ళజోడేదక్కా?"

"గాజు పదునైన వస్తువట. పట్టుకునేటప్పుడే లాగేశారు, ఇప్పుడు మీ చీఫ్ జేబులో ఉందట. పొద్దుటి నుంచి నాతో మాట్లాడినవాళ్ళందరూ నాకు కోటు తగిలించిన కొక్కేల్లాగే కనిపించారు."

కుంపటికి చెవుల వెనక నరం కొట్టుకుంది. ఆ కళ్ళతో దేశానికి చూపు తయారుచేసిన మనిషి. ఆమె కళ్ళజోడు లాక్కుని చీకట్లో కూర్చోబెట్టారు. బల్లని ఒక్క తన్ను తన్నాడు. బల్ల నేలకి బిగించి ఉంది. కాలికే దెబ్బ తగిలింది.

"నేనూ కోపంగానే ఉన్నాను. బల్ల మీద చూపించానా?" అంది అక్క. "నా ఓవెన్ కట్టేశారురా. మధ్యలో. నిన్నటి నుంచి తలుపు తియ్యకుండా నిదానంగా వేడి ఎక్కిస్తూ వస్తున్నాను, ఇక దించుతూ కొలవాల్సింది. వెధవలు మెయిన్ స్విచ్ ఆపేశారు."

"నీ మీద దేశద్రోహం కేసు పెట్టారు."

"పెట్టుకోనీ. ఓవెన్ ఎందుకు ఆపాలి?"

"అక్కా."

"ఎక్కేటప్పుడు ఒకసారి, చల్లారేటప్పుడు ఒకసారి. రెండూ కలిస్తేనే అది రీడింగ్. ఎక్కేటప్పుడు కనిపించింది చూసి నమ్మేస్తే దాన్ని వదంతి అంటారు. మీ చీఫ్ నన్ను అరెస్ట్ చేసింది అలాగే."

"తాళం ఎవరికిచ్చావ్?"

"అమ్మాయికిచ్చాను. నిన్న మధ్యాహ్నం కాసేపు చూడమని. అయితే?"

"నీ మీద రిపోర్ట్ ఇచ్చింది ఆ అమ్మాయే."

అక్క పెదాలు బిగించింది. "మొదలుపెట్టావా? నువ్వు చేసుకోనన్నావు కాబట్టి ఆ పిల్ల దొంగైపోవాలి. బంగారంలాంటి పిల్ల. తొందర ఒక్కటే దానికి లోపం. నీకూ ఉందిగా అది."

"లే. ల్యాబ్‌కి పోదాం."

"నేను ఖైదీనిరా."

కుంపటి చీఫ్ కాగితం గార్డు ముక్కు కింద పెట్టాడు. గార్డు చదివి, మళ్ళీ చదివి, కుంపటి ముఖం చూసి, మూడోసారి చదవకుండా తలుపు తీశాడు.

ల్యాబ్ ముందుగది అంతా బూట్ల జాడలు. అక్క తడుముకుంటూ వెళ్ళి ఓవెన్ మీద అరచెయ్యి ఆనించింది. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. "చల్లగా అయిపోయింది," అంది. ఆ గొంతు విని కుంపటి మరో బల్లని తన్నబోయి మానుకున్నాడు.

గోడకి ఒక స్టాండ్, దాని నిండా చిన్న సీసాలు. ఒక్కో దానిలో ఒక్కో ద్రవం. ప్రతిదీ కాంతిని ఒక్కో మోతాదులో వంచుతుంది. తెలియని గాజుని వీటిలో ముంచి పోల్చి చూస్తారు. అన్నీ మెడదాకా నిండి ఉన్నాయి. చివరి రెండు మాత్రం అడుగంటాయి.

"ఈ చివరి రెండూ వాడావా?"

"ఈమధ్య వాటి పనే పడలేదు. నిండుగా ఉండాలే."

"లేవు."

"సరిగ్గా చూడు."

"నాకు కళ్ళజోడు అక్కర్లేదక్కా. లేవు. ఈ రెండూ కలిపితే ఏమవుతుంది?"

అక్క అలవాటుగా పాఠం మొదలుపెట్టింది. "పాళ్ళు చూసి కలుపుకుంటే, మధ్యలో ఎంత వంపు కావాలంటే అంత వస్తుంది. మన బిళ్ళ వంపు కూడా ఆ రెండింటి మధ్యలోనే..."

ఆగిపోయింది. కుంపటి కూడా ఆగిపోయాడు. ఇద్దరికీ ఒకే కిటికీ గుర్తొచ్చింది.

అతనికి చిన్నప్పుడు ఒక గాజు చేప ఉండేది. రంగులేనిది, బొటనవేలంత. అక్క కాలేజీలో చేరిన కొత్తలో దాన్ని దాచేసింది. ఇల్లంతా వెతికి, ఏడ్చి, కాళ్ళు తన్నుకున్నాడు. అక్క కిటికీలో పెట్టిన నూనె సీసా చూపించి, "అందులోనే ఉంది" అంది. అందులో నూనె తప్ప ఏమీ లేదు. "అబద్ధం" అని అరిచాడు. "ఆగు. ఎండ రానీ" అంది. ఎండ వచ్చింది, సీసా వేడెక్కింది. కాసేపటికి నూనెలో తోక, ఆ తర్వాత కన్ను, చివరికి చేప మొత్తం, ఎవరో గీసినట్టు తేలింది. గాజూ నూనే కాంతిని సమానంగా వంచితే వాటి మధ్య హద్దు కంటికి ఆనదు. వేడెక్కితే నూనె మారిపోతుంది. గాజు మారదు. హద్దు బయటపడుతుంది.

"ఎవరైనా బిళ్ళని నూనెలో దాచి ఉండొచ్చు. సూత్రప్రకారం కుదురుతుంది," అంది అక్క మెల్లగా. "పైగా మన బిళ్ళ వేడికి బొత్తిగా మారదు. నూనె ఒక్కటే పరిగెడుతుంది. ఇంకా త్వరగా బయటపడుతుంది."

"దేనికోసం ఎత్తుకెళ్ళారో అదే పట్టిస్తుందన్నమాట."

"ఎత్తుకెళ్ళింది ఆ పిల్ల అని నేను అనలేదు."

"ఆ పిల్ల సాయంత్రం ఓడెక్కుతోంది."

"కాన్ఫరెన్స్‌కి. సంతకం పెట్టింది నేనే."

"కారెక్కు."

రేవు దాకా అక్క నోరు ఆగలేదు. కుంపటి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవలేదు. ఎర్రలైటు దాటాడు, కూరగాయల బండిని వెంట్రుకవాసిలో తప్పించాడు, ఒక ట్రాఫిక్ పోలీసు చేత తన వంశం మొత్తాన్ని తిట్టించుకున్నాడు.

"నాకేమీ కనిపించకపోవడం ఇవాళ మంచిదే అయింది," అంది అక్క సీటు పట్టుకుని. "చూడు, నేను వస్తున్నది నీ అనుమానం తప్పని తేల్చడానికి. తేలాక ఆ పిల్లకి క్షమాపణ చెప్పాలి నువ్వు."

"అలా తేలితే సాయంత్రం నిన్ను వ్యాన్ ఎక్కిస్తారు. అది గుర్తుందా?"

"అందుకని ఆ పిల్లని ఎక్కించమంటావా?"

కుంపటి హారన్ కొట్టాడు.

టెర్మినల్ తనిఖీ హాలు చలిగా, తెల్లగా ఉంది. ఏసీ గాలికి అద్దాలు చెమ్మగిల్లాయి. ఒక పక్క నీళ్ళ వైపు తెరుచుకునే రెయిలింగ్, దాని అవతల ఓడ. కుంపటి కస్టమ్స్ కోటు తగిలించుకుని, స్టోర్స్ మీసం అంటించుకుని బల్ల వెనక నిలబడ్డాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టాడు.

మంచుబొమ్మ వచ్చింది. తెల్లచీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న సంచి. ఆమె పక్కన తెల్లసూటులో ఒక విదేశీ వాణిజ్య ప్రతినిధి, అతని చేతిలో అత్తరు సీసాల పెట్టె.

"మీసం బాగుంది. కుడివైపు ఇంకాస్త జిగురు పెట్టాల్సింది," అంది మంచుబొమ్మ.

కుంపటి మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "పెట్టె తెరవండి."

ప్రతినిధి కాగితాలు పరిచాడు. దౌత్య సీలు. పెట్టె తెరిచి చూపించాడు గానీ ఒక్కో సీసా మూతకీ లక్క ముద్ర ఉంది. చూడొచ్చు, తెరవకూడదు. ఒక్క ముద్ర పగిలితే రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు నడుస్తాయి. మూడు సీసాలు, మందపాటి చెక్కుడు గాజువి. స్కానర్‌లో పెడితే గాజు మీద గాజు, అంతా ఒకటే ముద్ద. రెండింట్లో అత్తరు పసుపుపచ్చగా ఉంది. మూడోదానికి రంగు లేదు.

కుంపటి మూడోదాన్ని ఎత్తి దీపానికి ఎదురుగా పెట్టాడు. తిప్పాడు. వంచాడు. నీళ్ళలా ఉంది. ఏమీ లేదు. చిన్నప్పుడు కిటికీలోనూ ఇలాగే ఏమీ లేదు.

"అమ్మాయీ, తిన్నావా?" అని కుర్చీలోంచి పలకరించింది అక్క. "వీడి తొందర నీకు తెలుసుగా. ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ, తేల్చేద్దాం."

మంచుబొమ్మ పళ్ళు కనిపించాయి.

"నీ సంచి," అన్నాడు కుంపటి. అందులో లిప్‌స్టిక్, దువ్వెన, పాస్‌పోర్ట్, జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్. డ్రయర్ తీసి ప్లగ్ పెట్టాడు.

"సీసాని ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాడు ప్రతినిధి.

"తెరవకూడదని ఉంది. చలేస్తే వెచ్చబెట్టకూడదని ఎక్కడుంది?"

డ్రయర్ రొదలోనే చీఫ్ ఇద్దరు గార్డులతో ఊడిపడ్డాడు. ప్రతినిధి కాగితాలు చూశాడు, మంచుబొమ్మని చూశాడు, కుర్చీలో అక్కని చూశాడు. ముఖం జేగురు రంగులోకి తిరిగింది.

"ఖైదీని రేవుకి తెచ్చావా?"

"ఎక్కడికైనా అన్నారు. రాసిచ్చారు. ఆమె కళ్ళజోడు ఇటివ్వండి."

"ముందు ఆ డ్రయర్ ఆపు."

"కళ్ళజోడు."

"కోర్టయ్యాక."

కుంపటి చెయ్యి పిడికిలి అయింది. అక్క వెనక నుంచి, "ఒరేయ్, దీపం నీ వెనకుందా ముందుందా?" అంది, ల్యాబ్‌లో ఉన్నంత మామూలుగా. పిడికిలి విప్పాడు.

"ముందుంది."

"సరే. నాకు కనిపించదు. నువ్వే చూసి చెప్పు. ఉన్నది చెప్పు. నీకు కావాల్సింది కాదు."

సీసా ఒక పక్క వేడెక్కింది. ఉన్నట్టుండి లోపల జిలుగు మొదలైంది. వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి వణికినట్టు, గీతలు గీతలుగా నూనె కదిలింది.

"వచ్చింది," అని కేక వేశాడు కుంపటి. "గీతలు. చూడండి."

చీఫ్ తొంగి చూశాడు. మంచుబొమ్మ నిట్టూర్చింది. "ఏ నూనె వేడెక్కినా అలాగే ఉంటుంది. మేడమ్‌నే అడగండి."

అందరూ అక్క వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. ఔను, అదే బిళ్ళ అని అక్క అంటే చీఫ్ ముద్ర పగలగొడతాడు. అక్క కేసులోంచి బయటపడుతుంది.

"ఆ గీతలు కదులుతున్నాయా, నిలబడ్డాయా?" అంది అక్క.

అతను నోరు తెరిచాడు. నిలబడ్డాయి అనడానికి ఒక్క ఊపిరి చాలు. అక్కకి కనిపించదు.

"కదులుతున్నాయి," అన్నాడు.

"అయితే అమ్మాయి చెప్పింది నిజమే. అది ఏ నూనెలోనైనా వస్తుంది."

"చాలు," అన్నాడు చీఫ్. "ఆమెని వ్యాన్ ఎక్కించండి. సీసా తిరిగిచ్చెయ్."

ఓడ కూత పెట్టింది. గేటు దగ్గర గొలుసు తియ్యడం మొదలైంది. ప్రతినిధి పెట్టె ముందుకు చాపాడు. గార్డు అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి," అంది అక్క. గొంతు పెద్దగా లేదు గానీ గార్డు చెయ్యి తీశాడు. "నేనింకా రీడింగ్ చెప్పలేదు. గిన్నె వేడెక్కింది, పాలు వేడెక్కలేదు. డ్రయర్ ఆపరా. సీసాని తిప్పుతూ రెండు చేతుల్లో పట్టుకో. కదిలించకుండా దించు. ఆగు."

"ఓడ వెళ్ళిపోతోందక్కా."

"నూనెకి ఓడ టైమ్ తెలియదు. ఆగు."

జీవితంలో ఆ మాటంటే కుంపటికి ఉన్నంత అసహ్యం ఇంకే మాట మీదా లేదు. సీసా అరచేతులు కాలుస్తోంది. చీఫ్ వాచీ చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళు ఒక గదిలో కూర్చుని వెలుతురుని కొలిచిన మనిషిని ఒక్క పూటలో దొంగని చేసినవాడు వాచీ చూసుకుంటున్నాడు. ఎవరినైనా కొట్టాలనిపించింది. సీసా దించి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆగాడు.

గీతలు నెమ్మదించాయి. ఒక్కొక్కటే కరిగిపోయాయి. నూనె మళ్ళీ నీళ్ళలా తేరుకుంది. అడుగున మాత్రం ఒక్క గీత మిగిలింది. సన్నగా, వంపు తిరిగి. దాని చివర ఇంకో చివరని కలుసుకుంది. గుండ్రంగా.

"ఏం కనిపిస్తోంది?" అంది అక్క.

"ఒక గీత. గుండ్రంగా."

"కదులుతోందా?"

"లేదు. నిలబడింది."

చీఫ్ వంగి చూశాడు. అతని నోరు తెరుచుకుంది. అంతలో మంచుబొమ్మ చెయ్యి మెరుపులా సాగింది. సీసా అందుకుని రెయిలింగ్ మీదుగా నీళ్ళలోకి విసిరింది. కుంపటి బల్ల మీద నుంచి దూకి, రెయిలింగ్‌కి కడుపు ఆనించి, గాలిలోనే పట్టాడు. చెక్కుడు గాజు కాలిన అరచేతిని మళ్ళీ కాల్చింది. వదల్లేదు. ప్రతినిధి మీదికొస్తుంటే రెండో చేత్తో పెన్ను తీసి నొక్కాడు. పేలలేదు. రాయనూ లేదు. చిమ్మింది. తెల్లసూటు మీద నీలం సిరా మరక ఎంత పెద్దదయిందో ప్రతినిధి చూసుకునేలోపు గార్డులు అతని మోచేతులు విరిచిపట్టారు.

మంచుబొమ్మ నల్లద్దాలు కింద పడ్డాయి. నుదుటి మీద మొదటిసారి చెమట.

"ఆగు, ఆగు, ఆగు," అంది ఆమె అక్కతో, పళ్ళ మధ్య నుంచి. "ఒక్క అంకె కోసం రోజంతా కూర్చోబెట్టేదానివి. బిళ్ళ ఎత్తుకెళ్ళడం నాకు కష్టం కాలేదు. నీ దగ్గర పనిచెయ్యడం కష్టమైంది."

అక్క కుర్చీలోంచి లేచింది. గొంతు వచ్చిన వైపు తిరిగింది. ముఖమంతా ఎర్రగా ఉంది.

"నా తాళం నీ చేతిలో పెట్టడం నాదే తప్పు," అంది, హాలంతా వినబడేలా. "ఈ గాడిదకి నిన్ను చేసుకోమని ఆరు నెలలు నస పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు."

కుంపటి సీసా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. ఇటుక బట్టీల నాటి నుంచి ఆ మాట వినాలని ఎదురుచూశాడు.

చీఫ్ జేబులోంచి కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, చాపాడు. "ప్రొసీజర్ ప్రకారం అప్పటికి అందుబాటులో ఉన్న ఆధారాలని బట్టి..."

అక్క కళ్ళజోడు పెట్టుకుని అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. "మీరు ఇంతేనా," అంది. "గొంతు విని ఇంకాస్త పెద్దమనిషి అనుకున్నాను."

తిరిగి వెళ్ళేటప్పుడు కుంపటి చేతికి కట్టుంది. అందుకని కారు నిదానంగా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, అతను కొట్టలేదు. ఒడిలో గుడ్డలో చుట్టిన బిళ్ళ పెట్టుకుని అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. ల్యాబ్ గేటు ముందు కారు ఆగింది. ఓవెన్ మళ్ళీ మొదటి నుంచి వేడెక్కించుకోవాలి. అక్క దిగలేదు.

కుంపటి ఇంజన్ ఆపాడు. ఏమీ అడగలేదు. ఆగాడు.

"ఏమిట్రా చూస్తున్నావు?" అంది చివరికి.

"రేవులో ఒక మాటన్నావు."

"అన్నాను. విన్నావుగా."

"అది వేడెక్కినప్పుడు తీసిన రీడింగ్. ఒకసారికి నమ్మితే దాన్ని వదంతి అంటారు."

అక్క అతని కట్టు కట్టిన చేతిని చూసింది. కదులుతున్నాయని చెప్పిన నోటిని చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నాదే తప్పురా," అంది నెమ్మదిగా, చల్లగా. "ఆ సంబంధం, ఆ తాళం, రెండూ. రోడ్డు సంగతి మాత్రం వేరు."